429 కోట్ల సంఖ్యను భాగించే 641

ప్రశ్న: ముప్పైరెండు రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే 429,49,67,297 వస్తుంది. 500 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూశాను. ఒక్కదానితోనూ శేషం లేకుండా పోలేదు. దీన్ని ప్రధాన సంఖ్య అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. అయితే ఈ సంఖ్య దగ్గర ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అంతటివాడే పప్పులో కాలేశాడు. 3, 5, 17, 257, 65,537 అనే వరుసలో ఒక్కొక్క సంఖ్య నుంచి ఒకటి తీసివేసి, మిగిలినదానికి వర్గం కట్టి, మళ్లీ ఒకటి కలిపితే తర్వాతి సంఖ్య వస్తుంది. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే కావడంతో, ఆ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన 1640లో ఊహించాడు. ఆరవది మీరడిగిన సంఖ్య. దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపించాడు; భాగఫలం 67,00,417.

మీ పద్ధతిలో తప్పు లేదు, మధ్యలో ఆపేయడమే లోపం. ఈ సంఖ్య వర్గమూలం 65,536 కంటే రవ్వంత ఎక్కువ కాబట్టి, అంతవరకూ ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూస్తే తప్ప మీ దారిలో తీర్పు చెప్పలేము. ఆయిలర్ ఆ శ్రమను ఒక్క గమనికతో తప్పించాడు: దీనికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగిలి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నంలోనే పని ముగుస్తుంది.

అసలు భాగహారమే అక్కరలేని నిరూపణ కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 5ను 128తో గుణిస్తే 640, అంటే 641కి ఒకటి తక్కువ. కాబట్టి 641తో భాగించేటప్పుడు 640ని రుణ 1గా చూడవచ్చు; రుణ 1 నాలుగో ఘాతం 1 కనుక, ఆ 640కి నాలుగో ఘాతం కట్టి 641తో భాగిస్తే శేషం 1. ఆ నాలుగో ఘాతంలో రెండు భాగాలున్నాయి: 5 నాలుగో ఘాతమైన 625, 2 యొక్క 28వ ఘాతం. 625 అనేది 641కి సరిగ్గా 16 తక్కువ, ఆ 16 మళ్లీ 2 యొక్క నాలుగో ఘాతమే. అందుచేత 625 స్థానంలో రుణ 16ను ఉంచితే, 2 యొక్క 32వ ఘాతానికి రుణ గుర్తు పెట్టినదాని శేషం 1 అవుతుంది. అలాంటప్పుడు ఆ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చేది 641కి గుణిజం కాక తప్పదు.

కారణాంకాలు తెలియకుండానే ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చే దారి మరొకటుంది. ఏ ప్రధాన సంఖ్యనైనా రెండు వర్గాల మొత్తంగా ఒక్క విధంగానే రాయగలం, అదీ రాయగలిగినప్పుడు. ఇది మాత్రం 65,536 వర్గానికి 1 కలిపితే వస్తుంది. 62,264 వర్గానికి 20,449 వర్గం కలిపినా వస్తుంది. ఆ 20,449 తిరిగి 143 వర్గం కావడం ముచ్చటైన విషయం.