ఇంగ్లండ్‌లోని బర్న్‌లీ నేతమిల్లుల ఊరు ఎలా అయింది, ఎందుకు చితికింది?

చిన్న జవాబు: నేలలో బొగ్గు, ఊరి మధ్యలో లీడ్స్-లివర్‌పూల్ కాలువ. ఆవిరి ఇంజిన్‌కి ఆ రెండూ ఉంటే చాలు కదా, కాలువ ఒడ్డునే మిల్లులు లేచాయి. ఆ ప్రాంతంలోనే ఉన్న ఓల్డ్‌హామ్ అనే ఊరు నూలు వడికితే, బర్న్‌లీ ఎక్కువగా నేసేది. మొదటి ప్రపంచయుద్ధం ముందు ఇక్కడ దాదాపు లక్ష మరమగ్గాలు ఆడేవి.

ఆ షెడ్లలో మోత ఎంతంటే పక్కవాళ్ళ మాట వినపడదు, అందుకే పెదాల కదలిక చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. నాడెలో (మగ్గంలో అటూ ఇటూ దారాన్ని మోసుకెళ్ళేది) కొత్త కండె, అంటే నూలు చుట్టిన కదురు, పెట్టినప్పుడల్లా దాని కన్నం గుండా దారం కొసను నోటితో పీల్చి లాగేవాళ్ళు, ఒకే నాడెను పదిమంది! జబ్బులు అంటుకుంటాయన్న భయం ఉండనే ఉంది.

నేసింది చాలావరకు అద్దకానికి పోయే మామూలు కోరా బట్ట, దానికి పెద్ద గిరాకీల్లో మన దేశం ఒకటి. యుద్ధం తర్వాత బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, జపాన్ చవక బట్ట, దిగుమతి సుంకాలు, 1930లలో విదేశీ వస్త్ర బహిష్కరణ, అన్నీ కలిసి ఆ గిరాకీని తినేశాయి. అక్కడి క్వీన్ స్ట్రీట్ మిల్లు మాత్రం ఆవిరితోనే 1982 దాకా నడిచింది, ఇప్పుడది మ్యూజియం.