ఎలక్ట్రిక్ బండి అంటగడుతున్నారన్న అనుమానం సరే, ముందు ప్లగ్గు చూడండి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఫ్లాటు, ఆఫీసుకు రానూపోనూ 40 కిలోమీటర్లు, ఏడాదికి రెండు మూడు సార్లు తిరుపతి పక్కన సొంతూరు. ఇంట్లో ఎలక్ట్రిక్ కారో స్కూటరో తీసుకుందాం అంటున్నారు. "ప్రభుత్వం బలవంతంగా అంటగడుతోంది, పొగ ఇక్కడ తగ్గి రాయచూరు బొగ్గు కరెంటు కేంద్రంలో పెరుగుతుంది, బ్యాటరీ అంటుకుంటుంది అంటున్నారు, ఏది నమ్మాలి?" అన్నారు.

మాది అపార్ట్‌మెంట్లలో చార్జింగ్ లైన్లు వేసే పని. అనుమానపడటంలో తప్పేమీ లేదండి. అయితే మీరు అడిగిన మూడింటికన్నా అడగని నాలుగోదే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది: బండి ఏ ప్లగ్గుకి, ఏ తీగ మీద, ఎవరి మీటరులో చార్జ్ అవుతుంది అన్నది.

ముందు బలవంతం సంగతి. సొంత బండి ఎలక్ట్రిక్‌దే కొనాలన్న చట్టం మన దేశంలో లేదు. 2023 నుంచి ఆటోలు, 2025 నుంచి 150 సీసీలోపు బైకులు ఎలక్ట్రిక్‌వే అమ్మాలని 2019లో నీతి ఆయోగ్ ప్రతిపాదిస్తే, కంపెనీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగిపోయింది. మిగిలింది ప్రోత్సాహకాలే. 5 శాతం జీఎస్టీ ఉంది, స్కూటర్లకు సబ్సిడీ ఇచ్చారు, అదీ కరిగిపోతూ వచ్చింది. 2021లో స్కూటరు బ్యాటరీకి కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్‌కు) 15,000 రూపాయలు ఇచ్చారు. 2023 జూన్‌లో 10,000 చేశారు, 2024లో 5,000, ఆ తర్వాత పీఎం ఈ-డ్రైవ్ పథకం రెండో ఏడాదికి 2,500. రోడ్ ట్యాక్స్ మినహాయింపూ అంతే, 25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్లకు కర్ణాటక 2024లోనే 10 శాతం పన్ను వేసింది. అందుకే "రోడ్ ట్యాక్స్ లేదు సార్" అన్న సేల్స్‌మన్ మాట మీద లెక్క వేసుకోకండి, ఆ వారం ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకోండి. నిజంగా మనకు ఎంపిక లేకుండా వచ్చింది పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దాని మీద కోపం ఉంటే అది న్యాయమైన కోపమే, కానీ అది వేరే చర్చ.

ఆదేశాలతో వచ్చే హరిత పరికరాలకు బెంగళూరులో ఒక పాత ఉదాహరణ ఉంది. 30×40 సైటు, అంతకు పెద్ద సైట్లలో కట్టే కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ ఉంటేనే కరెంటు కనెక్షన్ అని 2007లో ఉత్తర్వు వచ్చింది. ఊరంతా మేడల మీద గొట్టాలు వెలిశాయి. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో అవి ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. వైట్‌ఫీల్డ్ వైపు బోరు నీళ్ల ఇళ్లలో మాత్రం గొట్టాల లోపల తెల్లగా సున్నపు పొర కట్టి రెండు మూడేళ్లకే చల్లబడ్డాయి. పరికరంలో మోసం లేదు. ఏ నీళ్లు పోస్తున్నారో ఎవరూ చూడలేదు, అంతే. ఎలక్ట్రిక్ బండి విషయంలో ఆ నీళ్ల స్థానం మీ సెల్లార్ వైరింగ్‌ది.

పొగ లెక్క చేతివేళ్ల మీద వేసుకోవచ్చు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకు 45 ఇచ్చే స్కూటరు కిలోమీటరుకు 51 గ్రాములు వదులుతుంది. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున సుమారు 0.72 కిలోలు. ఎలక్ట్రిక్ స్కూటరు గోడ నుంచి కిలోమీటరుకు 35 వాట్ అవర్లు లాగుతుంది కాబట్టి 25 గ్రాములు. రాయచూరులో బొగ్గు మండుతున్న మాట నిజమే, అయినా సగానికి సగం తగ్గింది. 3 యూనిట్ల బ్యాటరీ తయారీలో 180 నుంచి 300 కిలోలు వెలువడ్డాయనుకుంటే 7,000 నుంచి 12,000 కిలోమీటర్లకు ఆ బాకీ తీరుతుంది. మీ తిరుగుడుకి సుమారు ఏడాదిలో. కారు లెక్క ఇంత తేలిక కాదు. ఊళ్లో లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారు 153 గ్రాములు, ఎలక్ట్రిక్ కారు 108 గ్రాములు. 40 యూనిట్ల బ్యాటరీ బాకీ తీరడానికి 50,000 నుంచి 90,000 కిలోమీటర్లు పడుతుంది. మీ కారు ఏడాదికి 5,000 మాత్రమే తిరిగేదయితే పర్యావరణం పేరు చెప్పి మార్చకండి, ఉన్నదాన్నే నడపండి. ఏడాదికి 12,000 దాటితే అర్థం ఉంది.

ఇక అసలు విషయం. స్కూటరు చార్జరు 750 వాట్లు, అంటే మూడు మూడున్నర ఆంపియర్లు. ఎర్త్ సరిగా ఉన్న మామూలు పాయింట్‌కి అది బరువు కాదు. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జరు 3.3 కిలోవాట్లు, అంటే 15 ఆంపియర్లు, అదీ ఏడెనిమిది గంటలు ఆగకుండా. గీజరు కూడా ఇదే 16 ఆంపియర్ల సాకెట్‌కి పెడతాం కదా అంటారు. గీజరు పావుగంట లాగి కట్ అవుతుంది. సాకెట్‌కి చల్లారే టైము దొరుకుతుంది. కారుకి దొరకదు.

కాలిన సాకెట్ ఒకటి విప్పి చూస్తే తెలుస్తుంది. మూడు రంధ్రాల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ టీ మరకలా గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. లోపల ఇత్తడి పట్టీ వదులైపోయి పిన్నును అంచుతో మాత్రమే తాకుతుంటుంది. ఆ తాకుడులో 0.1 ఓం అడ్డు ఉంటే చాలు, 15 × 15 × 0.1, అంటే 22 వాట్ల వేడి శనగగింజంత చోట పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. రాత్రంతా గోడలో సోల్డరింగ్ ఐరన్ పెట్టి పడుకున్నట్టు. కరెంటు ఎక్కువైతే లైను ఆపే స్విచ్చు, ఎంసీబీ, దీన్ని పట్టుకోదు, ఎందుకంటే కరెంటు 15 ఆంపియర్లు దాటనే లేదు. "బండి చార్జింగ్‌లో అంటుకుంది" అన్న మాట విన్నప్పుడు ముందు సాకెట్టూ ఎక్స్‌టెన్షన్ బాక్సూ ఏమయ్యాయో అడగండి.

అందుకని కారుకి మాడ్యులర్ స్విచ్‌బోర్డు సాకెట్ వద్దు. నీలిరంగు మూత ఉండే ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. దానికి సరిపడే ప్లగ్గు కంపెనీ చార్జరుకి లేకపోతే చార్జరు తీగ కోయించకండి, వారంటీ పోతుంది. మంచి రకం, లోహపు డబ్బాలో వచ్చే మెటల్‌క్లాడ్ 16 ఆంపియర్ల సాకెట్ పెట్టి, ఏడాదికోసారి మార్చేయండి. మొదటిసారి చార్జింగ్ పెట్టిన అరగంటకి ప్లగ్గుకి చేతి వెనక భాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవకపోతే ఎంసీబీ ఆపాకే ప్లగ్గు పీకండి.

తీగ దగ్గర కక్కుర్తి పడేవాళ్లు చాలామంది. మీటర్ రూము నుంచి పార్కింగ్‌కి 40 మీటర్లు ఉంటే రానూపోనూ 80 మీటర్ల రాగి. 2.5 స్క్వేర్ ఎంఎం తీగలో 15 ఆంపియర్లకు దాదాపు 9 వోల్టులు పడిపోతాయి, 130 వాట్లు తీగలోనే వేడైపోతాయి. రాత్రికి ఒక యూనిట్ పైపు లోపలే కాలిందన్నమాట. ఆ దూరానికి 3.3 కిలోవాట్లకు కనీసం 4, వీలైతే 6 స్క్వేర్ ఎంఎం వేయండి. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ అయితే 32 ఆంపియర్లు, 10 స్క్వేర్ ఎంఎం వేయాలి. లైనుకి 20 ఆంపియర్ల సీ-కర్వ్ ఎంసీబీ (వాల్‌బాక్స్‌కి 40), దాంతోపాటు కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల టైప్-ఏ ఆర్‌సీసీబీ పెట్టించండి. షాపులో చౌకగా ఇచ్చేది టైప్-ఏసీ. అది చార్జరు లీకేజీని సరిగా పసిగట్టదు. డబ్బా మీద చదివి తీసుకోండి.

ఎర్త్ తెగిందేమో తొలిచూపు పరీక్షకి మల్టీమీటరు చాలు. ఫేజ్–న్యూట్రల్ 230 దగ్గర, ఫేజ్–ఎర్త్ కూడా అంతే చూపాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. ఫేజ్–ఎర్త్ వంద చుట్టూ ఊగుతుంటే ఎర్త్ ఎక్కడో తెగింది. పాత బిల్డింగుల్లో మామూలుగా కనిపించే లోపమే ఇది. కార్ చార్జరు ఎర్రలైటు వేసి మొండికేస్తే "చార్జరు పాడైంది" అని సర్వీసుకి పరుగెత్తుతారు. తొలుత చూడాల్సింది ఎర్త్ పిట్.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఏసీసీఎల్. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు ఒక్కో ఫ్లాటుకి ఇన్ని ఆంపియర్లే అని గీత గీసే డబ్బా అది. చార్జింగ్ పాయింట్ ఆ డబ్బా తర్వాత ఉంటే, జనరేటర్ వచ్చిన క్షణం కారు 15 ఆంపియర్లు అడుగుతుంది, ఫ్లాటంతా చీకటవుతుంది. కాబట్టి చార్జింగ్ లైను మీటరు నుంచి నేరుగా, ఏసీసీఎల్‌తో సంబంధం లేకుండా రావాలి. సెల్లార్ లైట్ల బోర్డు నుంచి మాత్రం లాగకండి. అక్కడ ఉండేది 1.5 స్క్వేర్ ఎంఎం తీగే, పైగా ఆ కామన్ మీటరు బిల్లు అందరూ కట్టేది.

మీటరు విషయంలో అద్దెకున్నవాళ్లు తప్పక చూడాల్సింది కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి. 2022-23 సగటు వాడకం, దాని మీద ఇంకో 10 శాతం వరకూ ఉచితం. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం మీదే. నెలకు వెయ్యి కిలోమీటర్లకు స్కూటరు 35 యూనిట్లు, కారు 150. మీ వాడకం 140 అనుకోండి, స్కూటరుతో 175. ఉచిత పరిమితికి పైన వాడిన వాటికి మాత్రం కడతారు. కారుతో 290 అవుతుంది, ఉచితం మొత్తం పోతుంది. ఈ సొమ్ము కూడా కలుపుకోకుండా వేసే "కిలోమీటరుకు పావలా" లెక్కలు నమ్మకండి. దీనికి దారి వేరే కనెక్షన్. చార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడిగే హక్కు 2024 ఫిబ్రవరి కేంద్ర నిబంధనల్లో ఉంది. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాంలో ఎలక్ట్రిక్ బళ్లకు విడి టారిఫ్ ఉంది, ఆర్‌ఆర్ నంబరు (కనెక్షన్ నంబరు) వేరే వస్తుంది. దరఖాస్తుకి ఓనరు సంతకం, అసోసియేషన్ అనుమతి కావాలి. ఈ రెండూ కాగితం మీదకి వచ్చేదాకా కారుకి అడ్వాన్స్ కట్టకండి. ఇంటి మీటరు మీదే పెట్టాలనుకుంటే బిల్లులో శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన లోడ్) చూడండి. 3 కిలోవాట్లే ఉంటే గీజరు, కారు కలిసినప్పుడు లోడ్ దాటుతుంది, జరిమానా పడవచ్చు.

మంటల భయం ఉత్తది కాదు. 2022లో స్కూటర్లు వరసగా కాలాకనే ఏఐఎస్-156 బ్యాటరీ పరీక్షలు కఠినం చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చిలో రెండు విడతలుగా అమలు చేశారు. సెకండ్ హ్యాండ్ స్కూటరు చూస్తుంటే ఆర్‌సీలో తయారీ నెల 2023 ఏప్రిల్ తర్వాతదై ఉండాలి. ఎండలో తిరిగొచ్చిన బండిని అరగంట ఆగాకే ప్లగ్గులో పెట్టండి. తీసే బ్యాటరీ అయితే ఫ్లాటు గుమ్మం దగ్గర చార్జ్ చేయకండి, ఏదైనా జరిగితే బయటికి దారి అదే. సెల్లార్‌లో పాయింట్ ర్యాంపు దగ్గర, జనరేటర్ డీజిలుకి దూరంగా, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున ఉండాలి. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు వైపు సెల్లార్లు మునిగాయి. బ్యాటరీకి రాసే ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే. రాత్రంతా మునిగిన బండిని ఆన్ చేయకండి, ప్లగ్గులో పెట్టకండి, తాడు కట్టి లాగకండి, ఫ్లాట్‌బెడ్ మీదే పంపండి.

తిరుపతి ప్రయాణం. 250 కిలోమీటర్లు, వెళ్లేటప్పుడు దిగుడే. 40 యూనిట్ల కారు గంటకు 90 మీద యూనిట్‌కు ఆరు, ఆరున్నర ఇస్తుంది కాబట్టి నిండా చార్జ్ చేసి బయల్దేరితే అంచుల మీద చేరుతుంది, కానీ అలా వెళ్లకూడదు. తిరుగు ప్రయాణంలో తిరుపతికీ బెంగళూరుకీ మధ్య 740 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,700 కిలోల కారుకి ఆ ఎత్తుకే దాదాపు 4 యూనిట్లు, అంటే పాతిక కిలోమీటర్ల రేంజి పోతుంది. దార్లో ఫాస్ట్ చార్జరు యూనిట్ 18 నుంచి 25 రూపాయలు, కిలోమీటరుకు సుమారు 3, 4 రూపాయలు పడుతుంది. వచ్చేటప్పుడు చిత్తూరు దాటే ముందు 80 శాతం చేసుకోండి. పలమనేరు, ములబాగిలు వైపు ఒకటి కాక రెండు చార్జర్లు యాప్‌లో చూసి పెట్టుకోండి. సంక్రాంతి తర్వాతి ఆదివారం మొదటి దాని దగ్గర వరస ఉంటుంది.