ఎర్రర్లన్నీ ఒకే గుమ్మం దాటాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కోడ్ రాత్రి కూర్చుని చదివాను. పని చేస్తుంది, సంతోషం. కానీ లాగిన్ విఫలమైతే ఒక ఫైలు ఖాళీ జవాబు ఇస్తోంది, ఇంకొకటి ఇంగ్లిష్ వాక్యం పంపుతోంది, మూడోది ఏకంగా స్టాక్ ట్రేస్‌ను, అంటే ఎర్రర్ కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చెప్పే జాబితాను, బయట పరుస్తోంది. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు మాటలు చెబితే వచ్చిన చుట్టం ఎవరిని నమ్మాలమ్మా?

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నీ 200, అంటే 'అంతా సవ్యం' అని సర్వర్ చెప్పే స్టేటస్ కోడ్. ఏం జరిగినా 200 పంపి, లోపల జవాబు డేటాలో (జేసన్‌లో) 'విఫలం' అని రాస్తున్నావు. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ ఫీజుల సైట్‌కు నేనూ సరిగ్గా ఇదే చేశాను. బ్యాంకు చెల్లింపును తిరస్కరించినా మొబైల్ యాప్ 200 చూసి ఆకుపచ్చ టిక్కు పెట్టేది. మర్నాడు తల్లిదండ్రులు ఫోన్లు చూపిస్తూ కౌంటరు ముందు బారులు తీరారు. యాప్ రాసిన కుర్రవాణ్ణి అందరూ తిట్టారు. తప్పు మాత్రం నాది.

అడిగినవారి పొరపాటైతే 400 వరుస, మనదైతే 500 వరుస. 'నువ్వెవరో తెలియదు' అనడానికి 401, 'తెలుసు కానీ అనుమతి లేదు' అనడానికి 403. ఈ రెండూ నీ కోడ్‌లో తారుమారయ్యాయి.

ఇక అసలు పని. ప్రతి రూట్‌లో, అంటే ఒక్కో చిరునామాకు జవాబిచ్చే కోడ్‌లో, ఎర్రర్‌ను పట్టుకునే ట్రై, క్యాచ్ రాసుకుంటూ పోకు. రూట్ ఎర్రర్‌ను విసరాలి, జవాబు ఒక్కచోటే తయారు కావాలి. నువ్వు వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ జవాబు తయారుచేసే ఫంక్షన్‌కు నాలుగు పారామీటర్లు: ఎర్రర్, రిక్వెస్ట్, రెస్పాన్స్, నెక్స్ట్. దాన్ని రూట్లన్నిటి తర్వాత పెట్టాలి. నెక్స్ట్‌ను వాడటం లేదని లింటర్ (కోడ్‌లో తప్పులెంచే పనిముట్టు) సణిగిందని తీసేశావో, ఎక్స్‌ప్రెస్ పారామీటర్లు లెక్కపెట్టి దాన్ని మామూలు మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ దారిలో నడిచే మధ్య ఫంక్షన్) కింద జమకడుతుంది. ఆ తర్వాత ఒక్క ఎర్రరూ దాని గడప తొక్కదు. దీని మీద నేనొక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. ఇంకొకటి: ఎసింక్ ఫంక్షన్‌లో (ఫలితం తర్వాత వచ్చే ఫంక్షన్‌లో) పుట్టిన ఎర్రర్‌ను ఎక్స్‌ప్రెస్ 4వ వెర్షన్‌లో మనమే నెక్స్ట్‌కు అందించాలి, 5 అయితే తానే అందుకుంటుంది. నీది ఇంకా 4.

జవాబు రూపం కోసం బుర్ర బద్దలు కొట్టుకోకు. ఎర్రర్ జవాబులకు ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలే ఉన్నాయి: 2016లో ఒకటి, దాని స్థానంలో 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9457 వచ్చాయి. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టాన్స్ అని అయిదు గళ్లు. అవి చాలు.

500 వచ్చినప్పుడు వాడేవారికి ఒక చిన్న సందేశం, ఒక గుర్తింపు సంఖ్య చూపించు. అదే సంఖ్యతో స్టాక్ ట్రేస్ మొత్తం లాగ్‌లోకి, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలోకి, వెళ్లాలి. వారు ఫోను చేసి ఆ సంఖ్య చెబితే నిమిషంలో దొరుకుతుంది. పాస్‌వర్డ్ మాత్రం లాగ్‌లో పడకూడదు. నీ లాగిన్ ఫైలులో రిక్వెస్ట్ బాడీని, అంటే వాడేవారు పంపినదంతా, మొత్తంగా లాగ్ చేస్తున్నావు, ఇవాళే తీసెయ్యి.

చెల్లింపుల ఫైలులో ఎర్రర్‌ను పట్టుకుని మింగేసే ఒక ఖాళీ క్యాచ్ కూడా కనిపించింది. దాని గురించి ఫోనులో తిడతాను, ఉత్తరంలో బాగుండదు.

ఆదివారంలోపు ఆ రెండు ఫైళ్లు మార్చి పంపు.

మీ పెదనాన్న