మీరడిగారు: ‘లవ్‌లెస్’లో ఆ జారుడు ఎక్కడిది?

ప్రశ్న: మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్ ‘లవ్‌లెస్’ ఆల్బమ్‌లో గిటార్ శ్రుతి అరిగిపోయిన క్యాసెట్‌లాగా జారుతూనే ఉంటుంది. కోరస్, ఫ్లాంజర్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు) రెండూ పెట్టి చూశాను, ఆ శబ్దం రావడం లేదు. ఇంకా ఏం కొనాలండీ? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఏమీ కొనకండి. ముందు ఆ రెండు పెడళ్లూ తీసి పక్కన పెట్టండి. ఆ జారుడు చేతిది. బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ ఫెండర్ జాజ్‌మాస్టర్, జాగ్వార్ గిటార్ల ట్రెమొలో బార్‌ను (తీగల శ్రుతిని వంచే కడ్డీని) కుడి అరచేతిలో వదులుగా పట్టుకుని, దాన్ని వదలకుండానే తీగలు మీటేవాడు. మీటిన ప్రతిసారీ బార్ కొద్దిగా కదులుతుంది, దాంతో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుచ్ఛం) మొత్తం శ్రుతి తప్పి మళ్లీ వెనక్కి వస్తుంది. వీణలో తీగను లాగి గమకం పలికిస్తే ఆ ఒక్క స్వరమే కదులుతుంది. ఇక్కడ ఆరు తీగలూ ఒకేసారి కదులుతాయి, కానీ లావు తీగ, సన్న తీగ ఒకే మేర జారవు. అందుకే కార్డ్ లోపలి స్వరాల మధ్య దూరాలు కూడా మారుతుంటాయి. కోరస్ పెడల్ ఆ పని చేయలేదు.

స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ ఉంటే చాలు. వెనక మూత తీసి, స్ప్రింగులను పట్టి ఉంచే రెండు స్క్రూలను కొద్దికొద్దిగా వదులు చేయండి. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) వెనక అంచు సుమారు 3 మిల్లీమీటర్లు పైకి లేవాలి. స్క్రూ తిప్పిన ప్రతిసారీ శ్రుతి చూసుకోవాలి. బార్‌ను పూర్తిగా బిగించవద్దు. మూడో తీగను ‘జి’ నుంచి ‘ఎ’కి పెంచి, రెండో తీగను ‘బి’ నుంచి అదే ‘ఎ’కి దించండి. ఒకే స్వరం పలికే ఆ రెండు తీగలు బార్ కదిలినప్పుడు వేర్వేరుగా జారి, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. మీకు కావలసిన శబ్దంలో సగం అక్కడే దొరుకుతుంది. బార్‌ను ఎక్కువ నొక్కితే పాట తేలిపోతుంది కాబట్టి అర స్వరం కన్నా తక్కువ జారితే చాలు.

మిగతా సగం రివర్స్ రివర్బ్, అంటే క్రమంగా తగ్గే బదులు ఉబ్బుతూ వచ్చే ప్రతిధ్వని. షీల్డ్స్ యమహా ఎస్‌పీఎక్స్90 లాంటి ర్యాక్ యంత్రాలు వాడాడు. మీరు కంప్యూటర్‌లో ఏ ప్లగిన్ వాడినా మిక్స్‌ను (రివర్బ్ శబ్దం పాలును) 100 శాతానికి పెట్టి, అసలు గిటార్ శబ్దం ఏమాత్రం రాకుండా చూడండి. నిడివి 200 నుంచి 400 మిల్లీసెకన్ల మధ్య ఉంచి, డిస్టార్షన్‌ను (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్‌ను) రివర్బ్ తర్వాత పెట్టండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 100కి బదులు 70 శాతం పెడితే పిక్ తగిలిన ‘టక్’ శబ్దం బయటికి వినిపించి, ఉబ్బే శబ్దం దాని వెనక దాక్కుంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే శబ్దం తన శిఖరానికి ఆలస్యంగా చేరుతుంది, దాంతో డ్రమ్స్ కన్నా వెనకబడినట్టు అనిపిస్తుంది. రికార్డ్ చేశాక ఆ ట్రాక్ అంత మేర ముందుగా మొదలయ్యేలా జరుపుకోండి.

శ్రుతి తిరిగి రాకపోతే లోపం నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో ఉంటుంది. పెన్సిల్ ముక్కు పొడి రాయండి. జాజ్‌మాస్టర్ అయితే 11 గేజ్ (తీగ మందం కొలత) కన్నా సన్న తీగలు వేయకండి, గట్టిగా మీటితే బ్రిడ్జ్ మీది గాడుల్లోంచి జారిపోతాయి.

ప్రశ్న: మాటలు ఒక్కటీ అర్థం కావడం లేదు. నా దగ్గరున్న కాపీలో లోపమా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: కాపీ బాగానే ఉందమ్మా. పాడిన బిలిండా బుచర్, షీల్డ్స్ గొంతులను కావాలనే గిటార్ల కన్నా బిగ్గరగా లేకుండా వాటితో కలిపేశారు. కొన్ని పాటల్లో పలుమార్లు పాడినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చడంతో హల్లులు కరిగిపోయి అచ్చులే మిగిలాయి. బుచర్‌ను నిద్రలేపి పాడించిన సందర్భాలూ ఉన్నాయి, ఆ మత్తు గొంతులో తెలుస్తుంది. వినేటప్పుడు ఫోన్‌లోని బేస్ బూస్ట్, త్రీడీ సౌండ్ లాంటివన్నీ ఆపేయండి. ఈ ఆల్బమ్‌లో గిటార్లు చాలావరకు మోనోగా, అంటే రెండు చెవుల్లోనూ ఒకేలా, మధ్యలోనే ఉంటాయి. కృత్రిమంగా పక్కలకు చీల్చితే పలచబడిపోతాయి.

ప్రశ్న: ఈ ఆల్బమ్ ఖర్చుకు కంపెనీ దివాలా తీసిందంటారు, నిజమేనా? వచ్చినప్పుడు జనం ఎలా తీసుకున్నారు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లండన్‌లోని క్రియేషన్ రికార్డ్స్ దివాలా తీయలేదు, కానీ బాగా ఇబ్బంది పడింది. 1989లో మొదలైన రికార్డింగ్ 1991 దాకా సాగింది, 19 స్టూడియోలు మారాయి. ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లని ప్రచారంలో ఉంది, ఆ లెక్కను షీల్డ్స్ ఒప్పుకోలేదు. స్టూడియోలు నచ్చక మారడం, నెలల తరబడి పని ముందుకు కదలకపోవడం వల్లే కాలం గడిచింది. డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోగ్ ఆరోగ్యం బాగాలేక, చాలా పాటల్లో అతని వాయింపును ముక్కలుగా శాంపిల్ చేసి అమర్చారు. బేస్ దాదాపు అంతా షీల్డ్సే వాయించాడు. బ్యాండ్‌లో నలుగురున్నా, ఈ ఆల్బమ్ నిర్మాణం ఎక్కువగా ఒక్కడి పట్టుదలే అనడం న్యాయం.

1991 నవంబరు 4న విడుదలైంది. విమర్శకులు మెచ్చుకున్నారు, కానీ బ్రిటన్ చార్టులో 24వ స్థానం దాటలేదు. అదే శరదృతువులో అదే కంపెనీ నుంచి ప్రైమల్ స్క్రీమ్ ‘స్క్రీమడెలికా’, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ‘బ్యాండ్‌వాగనెస్క్’ కూడా వచ్చాయి. పాడుకోగలిగే పాటలున్న ఆ రెండింటి పక్కన ఇది కష్టమైన సరుకు. తర్వాత కంపెనీ బ్యాండ్‌ను వదిలేసింది. ఐలండ్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరినా కొత్త ఆల్బమ్ రాలేదు. తర్వాతి ఆల్బమ్ కోసం శ్రోతలు 2013 ఫిబ్రవరి దాకా ఎదురుచూశారు, దాన్ని బ్యాండే సొంతంగా విడుదల చేసింది.

ఈలోగా ‘లవ్‌లెస్’ పేరు పెరుగుతూ పోయింది. సంగీత వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ 1999లో వేసిన 90ల ఆల్బమ్‌ల జాబితాలో ఇదే మొదటిది. 2003లో ఆ జాబితాను మళ్లీ వేసినప్పుడు రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ తర్వాత రెండోదిగా నిలిచింది. తర్వాత వచ్చిన షూగేజ్ (గిటార్ల మందపు శబ్దంలో గొంతు మునిగిపోయే తరహా) బ్యాండ్లలో చాలా వాటికి ఇదే పాఠ్యపుస్తకం. కాకపోతే అందులో పెడళ్ల పేజీలే చదివి, చేతి పేజీ చదవనివాళ్లే ఎక్కువని నా అభిప్రాయం.

ప్రశ్న: ఏ ప్రతి కొనుక్కోవాలి? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: రికార్డ్ ప్లేయర్ ఉంటే 2018లో వచ్చిన ఎల్‌పీ తీసుకోండి. షీల్డ్స్ దాన్ని మొదటినుంచి చివరిదాకా అనలాగ్ పద్ధతిలోనే చేయించాడు. 2021లో డొమినో కంపెనీ తిరిగి విడుదల చేసిన ప్రతులూ ఉన్నాయి. 2012 నాటి రెండు సీడీల సెట్ పాతది దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒక డిస్క్ డిజిటల్ టేప్ నుంచి, రెండోది అరంగుళం అనలాగ్ టేప్ నుంచి తయారయ్యాయి, కానీ ముద్రణలో వాటి లేబుళ్లు తారుమారయ్యాయి. అనలాగ్ ప్రతి వినాలంటే అనలాగ్ అని రాసి ఉన్నది కాకుండా మరో డిస్క్ పెట్టుకోండి.