చనిపోయిన మిత్రుడి కవితలు అచ్చు వేయవచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, రిటైరయ్యాను. కాలేజీ రోజుల్లో నేనూ, ఒక మిత్రుడూ చేతిరాత పత్రిక నడిపాం. కవితలు, బొమ్మలు వాడివి. కుట్టడం, పంచడం నా వంతు. తర్వాత ఎవరి దారి వారిదైంది. 22 ఏళ్లుగా మాటల్లేవు, గొడవేమీ లేదు. పోయిన నెల వాడు పోయాడని, పెద్దకర్మ కూడా అయిపోయిందని తెలిసింది. అప్పట్లో నాకిచ్చిన కవితల నోట్‌బుక్, కొన్ని ఉత్తరాలు నా దగ్గరున్నాయి. కవితలు ఎక్కడా అచ్చుకాలేదు, కొన్ని సగంలో ఆగాయి. వాటిని పూర్తిచేసి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం తేవాలని ఉంది. "నీకిచ్చాడుగా, నీవే" అంటున్నారు స్నేహితులు. వాడి భార్య విడిగా ఉంటోందట, ఒక కూతురట. అడగాలా?

జవాబు: అడగాలి. "గొడవేమీ లేదు" అని మీరు రాసినచోట నేను కాసేపు ఆగిపోయాను. గొడవపడ్డవాళ్లకు రాజీ అయినా ఉంటుంది, ఊరికే దూరమైనవాళ్లకు అదీ ఉండదు. పుస్తకం వేయాలన్న మీ తపన నాకు అర్థమైంది. అందుకే అది ఎవరూ ఆపలేని విధంగా రావాలంటున్నాను.

నోట్‌బుక్ మీది. దాచుకోవచ్చు, మీ పిల్లలకివ్వచ్చు. అందులోని కవితలను అచ్చువేసే హక్కు వేరు. కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు చేతులు మారాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. "ఇవి నీవేరా" అన్న నోటిమాట చాలదు. వీలునామాలో ఆ రాతప్రతి మీకు చెందాలని ఉంటే మాత్రం, వేరే ఉద్దేశం కనిపించనంతవరకు, 20వ సెక్షన్ కింద కాపీరైట్ కూడా మీకే వస్తుంది. నోట్‌బుక్ లోపలి అట్టలు ఒకసారి తిప్పి చూడండి. ఆయన ఏమైనా రాసి సంతకం పెట్టి ఉంటే, ఆ పేజీ తీసుకుని ముందు లాయరును కలవండి.

వీలునామా లేకుంటే, ఆయన హిందువైతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కూతురు, తల్లి సమాన వాటాదారులు. ఎన్నేళ్లు విడిగా ఉన్నా అది విడాకులు కాదు. కోర్టు డిక్రీ లేనంతవరకు ఆమె భార్యే. తల్లికి వాటా ఉందన్న సంగతి చాలామంది మరిచిపోతారు, ఆమె బతికి ఉన్నారేమో కనుక్కోండి. వీళ్లుండగా అన్నదమ్ముల అనుమతితో పని జరగదు.

అందరి సంతకాలతో ఒక అనుమతి పత్రం రాయించుకోండి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, డబ్బు వస్తే ఎవరికి అన్నది అందులో ఉండాలి. గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లుగానే లెక్కవేస్తుంది. కొన్నాళ్లు ఆగితే హక్కు పోతుందనుకోకండి: రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన కవితలకు, అచ్చయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది.

సగంలో ఆగిన కవితలను దయచేసి పూర్తిచేయకండి. రచనను మార్చి రచయిత పేరుకు భంగం కలిగిస్తే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద వారసులు కోర్టుకు వెళ్లవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆయన కలం ఎక్కడ ఆగిందో చదివేవాళ్లకు కనిపించాలి. అక్కడ ఖాళీ వదిలేయండి.

ఉత్తరాలు ఇప్పుడు వద్దు. కాగితం మీ సొంతమైనా, అందులోని మాటలపై హక్కు ఆయన వారసులదే. పైగా వాటిలో సంసారం గొడవలుంటే, బతికున్న భార్య పరువుకు సంబంధించిన విషయమవుతుంది. పోయినవారి గురించి రాసింది కూడా, కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో రాస్తే, నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కావచ్చు.

ఎవరినీ అడగకుండా ఇవాళే చేయగలిగింది ఒకటుంది. మీ జ్ఞాపకాలు మీరు రాయండి. ఆయన కవిత్వం గురించి చర్చిస్తూ నాలుగైదు పంక్తులు ఉటంకించినా కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

కూతురికి నోటీసు పంపవద్దు, నా పేరు మీద కూడా. ఫోన్ చేసి, మీరే వెళ్లండి. అసలు నోట్‌బుక్ ఇంట్లో ఉంచి, మొత్తం జెరాక్స్ తీసి పట్టుకెళ్లండి. తండ్రి కుర్రతనంలో రాసిన అక్షరాలు ఆ అమ్మాయి చూసి ఉండకపోవచ్చు. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఆ ప్రతి ఆమె దగ్గరే వదిలి రండి. ఈ జనవరికి అందకపోతే పై జనవరికి వేద్దురుగాని.