బతు కేవ్స్‌లో తైపూసం: చూడ్డానికి వెళ్లేవారికి

ప్రశ్న: సుబ్రహ్మణ్యస్వామి (మురుగన్) పండుగ తైపూసం రోజుల్లో కౌలాలంపూర్‌లో ఉంటాం. మొక్కు లేకపోయినా అక్కడి గుహాలయం బతు కేవ్స్‌కి వెళ్లొచ్చా?

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. అక్కడ చైనీయులు, విదేశీ యాత్రికులు కూడా కనిపిస్తారు. పండుగ నాడు రోడ్లు మూసేస్తారు కాబట్టి కారు వద్దు, కేటీఎం కొమ్యూటర్ అనే లోకల్ రైలెక్కండి. స్టేషన్ గుడి పక్కనే. తెల్లవారకముందే చేరితే మంచిది. ఎండెక్కాక 272 మెట్ల మీద జనం ఆగిపోతారు, కిందికి దిగడమే అసలు కష్టం. స్వామిని ఊరేగించే వెండి రథం బయల్దేరడం చూడాలంటే మాత్రం పండుగకు రెండు రోజుల ముందు రాత్రి నగరంలోని మహామారియమ్మన్ గుడి దగ్గరుండాలి.

మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. రథం దారిలో కొబ్బరికాయలు కొడతారు, చిప్పలు పదునుగా పడివుంటాయి. చెప్పులు సన్నిధి దగ్గరే విప్పండి. మెట్ల మీద చూసి అడుగు వేయాలి. భక్తులు మోసుకెళ్లే పాలకుండల మూతికి పసుపు గుడ్డ కట్టినా పాలు ఒలికి, రాయి జిగటగా, జారుడుగా ఉంటుంది. తినుబండారాలు చేతిలో పట్టుకుంటే కోతులు లాక్కుపోతాయి.

మొక్కు తీర్చుకునేవారు భుజాన మోసే కావడి వస్తుంటే పక్కకు తప్పుకోండి. నాలుకకు, బుగ్గలకు చిన్న శూలాలు గుచ్చుకున్న మనిషి తల తిప్పలేడు, కావడి బరువుతో చటుక్కున ఆగలేడు. అడ్డొస్తే గాయపడేది ఆయనే. ఫొటో పక్కనుంచి, ఫ్లాష్ లేకుండా తీయండి. నదిలో స్నానాలు చేసేచోట మాత్రం కెమెరా తీయకపోవడమే మర్యాద.