ఆ కాలమ్‌లో మీ పేరే ఉండాలి

మేడమ్, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వచ్చే నెల వాళ్ళ స్కూలుకి జపాన్ నుంచి పిల్లలు వారం రోజులకు వస్తున్నారు. పగలు స్కూల్లో, సాయంత్రం నుంచి మన ఇళ్ళలో ఉంటారు. మా ఇంటికి పదిహేనేళ్ళ అమ్మాయిని పంపిస్తామన్నారు. మాది కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. షవర్ పాడైంది, స్నానానికి బకెట్, చెంబే. ఏం వండాలి, కారం తింటుందా, మేం చేత్తో తింటే అసహ్యించుకుంటుందా అని నిద్ర పట్టడం లేదు. నాకు ఇంగ్లీషు రాదు. జిల్లా పరిషత్ హైస్కూలు, ఆ తర్వాత బీకాం కూడా తెలుగు మీడియమే. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. మావారు ‘ఆ వారం చెల్లి వచ్చి ఉంటుంది, నువ్వు వంట చూసుకో చాలు’ అన్నారు. మా ఆడపడుచు ఆరేళ్ళు అమెరికాలో ఉండి వచ్చింది. స్కూలు ఫారంలో తల్లి పేరు దగ్గర మా అమ్మాయి వాళ్ళ అత్త పేరే రాసింది, ఫోన్ నంబరూ ఆవిడదే. సులువవుతుంది కదా అని నేనూ ఊరుకున్నాను. మూడేళ్ళ క్రితం పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌తో ఇంగ్లీషులో ఒక్క మాట అంటే తప్పొచ్చింది. మావారు టీచర్ ముందే సరిచేసి నవ్వారు. మా అమ్మాయి కిందికి వంగి, ఊడని షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. అప్పట్నించి నేను స్కూలుకి వెళ్ళలేదు. మూడు వారాల్లో ఇంగ్లీషు వచ్చే దారి ఏదైనా ఉందా? ఆన్‌లైన్‌లో 21 రోజుల కోర్సు ఉందట, డబ్బు కట్టమంటారా?

— పేరు వద్దు, హైదరాబాద్

కట్టకండి. ఇంగ్లీషు మీకు కావాలనిపిస్తే ఈ హడావిడి అంతా అయ్యాక మీ కోసం నేర్చుకోండి, సంతోషిస్తాను. ఈ మూడు వారాల్లో మీరు చేయాల్సిన పని వేరే ఉంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కారం గురించి, బకెట్ గురించి అంత బెంగపడి, మధ్యలో ఒక మాట ఇలా అనేసి అలా దాటిపోయారు. మీ కూతురి స్కూలు కాగితంలో తల్లి పేరు ఉండాల్సిన చోట మీ ఆడపడుచు పేరు ఉంది. మీరది చూశారు. చూసి ఊరుకున్నారు. అక్కడికొచ్చేసరికి నాకు ముందుకు చదవబుద్ధి కాలేదమ్మా.

ముందు మీ బెంగలు తీర్చేస్తాను. జపాన్ ఇళ్ళలో వేణ్ణీళ్ళ తొట్టిలోకి దిగేముందు ఒళ్ళు బయటే కడుక్కోవాలి. చిన్న పీట మీద కూర్చుని, గిన్నెతో నీళ్ళు పోసుకుంటూ రుద్దుకుంటారు. ఇప్పుడు షవర్లు వచ్చినా ఆ పీటా గిన్నే పోలేదు. మీ బాత్‌రూంలో బకెట్, చెంబు చూసి ఆ పిల్ల బెదిరిపోదు. కాకపోతే వాళ్ళలో చాలామంది రాత్రి పడుకోబోయే ముందు స్నానం చేస్తారు, కాబట్టి గీజరు సాయంత్రం వేసి ఉంచండి. పొద్దున్నే స్నానం చేయకుండా టిఫినుకి కూర్చుందని ఇంట్లో ఎవరూ మొహం చిట్లించకూడదు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పమని మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళిళ్ళలోనూ అంతే.

తిండికి వస్తే, వాళ్ళూ మనలాగే అన్నం తినేవాళ్ళు. ‘గోహన్’ అంటే వండిన అన్నం, భోజనానికీ అదే మాట. మనం ‘అన్నం తిన్నావా’ అని అడగడం లేదూ, అలాగే. కారం తగ్గించండి, ఆవకాయ విడిగా పెట్టండి. పులిహోర చేయండి. సుషీ అనే వంటకానికి వండే అన్నంలో వాళ్ళు వెనిగర్ కలుపుతారు, అన్నానికి పులుపు వాళ్ళకు కొత్త కాదు. పెరుగన్నం మాత్రం కొత్త, వద్దంటే బలవంతం చేయకండి. ఒనిగిరి అని అన్నం ముద్దలు చుట్టుకుని చేత్తోనే తింటారు. ఆ అమ్మాయికి చెంచా ఇవ్వండి, మీరు ఎప్పటిలా చేత్తో తినండి. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్ళు. అంతే.

ఇక ఇంగ్లీషు. అది ఆ అమ్మాయి సొంత భాష కాదు, మీకెంత పరాయిదో ఆమెకీ అంతే. అక్కడ ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషును పూర్తిస్థాయి సబ్జెక్టు చేసింది 2020లోనే. తప్పొస్తుందేమోనని నోరు విప్పని పిల్లలు అక్కడా బోలెడుమంది. నిజానికి మాటల వరసలో ఆ భాష మన తెలుగుకే దగ్గర. ‘నేను అన్నం తింటాను’ అనడానికి వాళ్ళు ‘వతాషి వ గోహన్ ఒ తబెమాసు’ అంటారు. ముందు నేను, తర్వాత అన్నం, తినడం చివర్లో. మీ ఇద్దరూ ఇంగ్లీషు పదాలనే మీ మీ భాషల వరసలో పెట్టి మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమవుతుంది. ఇంకో సంగతి. అక్కడి పిల్లలు ఆతిథ్యమిచ్చే ఇంట్లో తల్లిని ‘ఒకాసన్’ అని పిలుస్తుంటారు. అమ్మ అని. ఆ పిల్ల మీ ఇంట్లో అడుగుపెట్టి ఒకాసన్ అని ఎవరిని పిలవాలి? ఇది తేలనిదే మిగతా ఏర్పాట్ల గురించి మాట్లాడుకుని లాభం లేదు.

మీ అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. ఆ పేరు రాసింది తనే, కానీ తనకై తను పుట్టించిన ఆలోచన కాదది. మీ ఆడపడుచునూ ఏమీ అనకండి. ఫారంలో తన పేరుందని ఆవిడకు తెలుసో తెలియదో. ఇదంతా మీకూ మీ ఆయనకూ మధ్య ఉన్న విషయం.

ఆ పేరెంట్స్ మీటింగ్‌నే తీసుకోండి. మీ తప్పుకు సిగ్గుపడి కూతురు తల దించుకుందని మూడేళ్ళుగా అనుకుంటున్నారు. నేనలా అనుకోను. నాన్న అమ్మను చూసి నవ్వుతుంటే, పక్కన టీచర్ ఉంటే, ఎటు చూడాలో తెలియని పదకొండేళ్ళ పిల్ల చేసే పని అది. ఊడని లేసు కట్టుకుంటుంది. ఆ తర్వాత మీరు స్కూలుకి వెళ్ళడం మానేశారు. ఎందుకని ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. పిల్ల ఏం అర్థం చేసుకోవాలి? నాన్న నవ్వింది సబబేనని, అమ్మ కూడా ఒప్పుకుందని. ఇప్పుడు ఫారంలో అత్త పేరు రాసినప్పుడు తను తప్పు చేస్తున్నానని ఆ పిల్లకు అనిపించి ఉండదు. ఇంట్లో మూడేళ్ళుగా నడుస్తున్నదే కాగితం మీద పెట్టింది.

మా అమ్మ చదివింది రెండో తరగతి. నా స్కూలు కాగితాల మీద సంతకం పెట్టాల్సి వస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసేది. ఆ కాసేపూ మా నాన్న పెన్ను మూత పట్టుకుని పక్కన నిలబడేవాడు. ఒక్కరోజు కూడా ‘ఇలా తే, నేను పెడతాను’ అనలేదు. భార్యను నలుగురిలో తక్కువ చేయకూడదన్నది మొగుడికి ఒకరు నేర్పాల్సిన ధర్మం కాదు. మీ ఆయన మంచివారే కావచ్చు, ఇంటికి ఏ లోటూ చేయకపోవచ్చు. ఇందులో మాత్రం ఆయనది తప్పు, తేలిగ్గా తీసేసే తప్పూ కాదు.

మీకూ ఒక మాట చెప్పాలి. సర్దుకుపోవడం నేనూ నమ్ముతాను, సర్దుకోకుండా ఏ ఇల్లూ సాగదు. మంచం సర్దుకోవచ్చు, గది సర్దుకోవచ్చు, పండక్కి ఎవరింటికి వెళ్ళాలన్నది సర్దుకోవచ్చు. కన్నతల్లి అన్న పేరును ఇంకొకరికి ఇచ్చేసి దాన్ని సర్దుకోవడం అంటే నేను ఒప్పుకోను.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డ సైనికులను మోసిన అమెరికన్ అంబులెన్సు వాలంటీర్లు ఉండేవారు. ఏఎఫ్ఎస్, అంటే అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అన్న సంస్థ వాళ్ళది. రెండో యుద్ధం కూడా చూశాక, పరాయి దేశపు పిల్లలు ఒకరి ఇళ్ళలో ఒకరు ఉండి, అక్కడి తిండి తిని, అక్కడి స్కూలుకు వెళ్ళి వస్తే తప్ప ఈ పగలు తగ్గవనుకుని 1947 నుంచి విద్యార్థులను పంపడం మొదలుపెట్టారు. పిల్లలను హోటల్లో దింపకుండా ఇళ్ళకు పంపడం వెనకున్న ఆలోచన ఇది. ఇల్లు ఎలా ఉంటే అలా చూడటానికే వస్తారు. ఒక వారానికి ఇంకొక ఆవిడను తల్లిగా నిలబెట్టి, అసలు తల్లిని పొయ్యి దగ్గర ఉంచి, ఆ పిల్లకు ఏం చూపిస్తాం?

ఇవాళో రేపో, అమ్మాయి పడుకున్నాక మీ ఆయనతో మాట్లాడండి. అత్తగారిని మధ్యలోకి తేకండి, పాత లెక్కలన్నీ తవ్వకండి. ఆ ఒక్కరోజు సంగతి చెప్పండి. ‘మీరు నవ్వినరోజు నుంచి నేను స్కూలుకి రావడం లేదు, మీరు గమనించారా?’ అని అడగండి. గమనించి ఉండరు. ‘నీ మంచికే సరిచేశాను’ అంటారు. అననివ్వండి. ‘ఇంకెప్పుడూ పరాయివాళ్ళ ముందు, పిల్ల ముందు అలా చేయకండి. ఫారంలో నా పేరు రాయిస్తున్నాను’ అని చెప్పి ఆపేయండి. అనుమతి అడుగుతున్నట్టు ఉండకూడదు ఆ మాట. దానికీ ఆయన ఒప్పుకోకపోతే, ఆతిథ్యం మా వల్ల కాదని స్కూలుకి చెప్పేయండి. తల్లిని దాచిపెట్టే ఇంటికి పరాయి పిల్లను తెచ్చుకోవడం కంటే అదే మేలు. నా మాట కటువుగా ఉందని తెలుసు, అయినా ఇదే చెబుతాను.

ఆడపడుచుకు మీరే ఫోన్ చేసి, ఆ వారంలో ఒకరోజు భోజనానికి పిలవండి. చుట్టపుచూపుగా వస్తుంది, నాలుగు కబుర్లు చెప్పి వెళ్తుంది, అందరికీ బాగుంటుంది.

వచ్చిన పిల్లకు ఏం కాలక్షేపం అని కూడా అనుకుంటున్నారేమో. మీ మగ్గం ఉంది కదా. ఒక గుడ్డముక్క బిగించి, ఆరి సూది చేతికిచ్చి, కింద దారం ఎలా పట్టుకోవాలో మీ చేత్తో ఆమె చెయ్యి పట్టి చూపించండి. గొలుసు కుట్టు పడేదాకా నాలుగుసార్లు దారం తెగుతుంది, తెగనివ్వండి. జపాన్‌లోనూ నీలిగుడ్డ మీద తెల్లదారంతో వేసే సాషికో అన్న కుట్టు ఉంది, ఫోన్‌లో బొమ్మ చూపించమనండి. మీ అమ్మాయిని ఇద్దరికీ మధ్య కూర్చోబెట్టండి. మాట తెలియకపోతే తనే అందిస్తుంది.

సోమవారం స్కూలుకి వెళ్ళండి, ఒక్కరే వెళ్ళండి. తెలుగులోనే మాట్లాడండి. ఫారం తీయించి, తల్లి పేరు దగ్గర మీ పేరు రాయండి. విదేశీయులెవరైనా ఇంట్లో బస చేస్తే వచ్చిన 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలియజేయాలి, ఇదివరకు దాన్ని ఫారం-సి అనేవారు. అది స్కూలు వాళ్ళు చేస్తారా, మీరు చేయాలా అని అడగండి. ఆ అమ్మాయికి పడని తిండి ఏమైనా ఉందా, రోజూ వేసుకునే మందులున్నాయా, రాత్రిపూట జ్వరమొస్తే ఏ టీచర్‌కి ఫోన్ చేయాలి, ఇవన్నీ కనుక్కుని ఒక కాగితం మీద రాసుకోండి. మీ ఫోన్ నంబరు మీ చేత్తోనే రాసి, అక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూసుకోమనండి.